పసుపు ఏర్గట్లది - ధర ఎక్కడిది?

నిజామాబాద్ జిల్లా పటంలో తూర్పు కొసకు చూస్తే, గోదావరి గీతకు కాస్త దిగువన ఏర్గట్ల అన్న పేరు చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఆర్మూర్ దాటి, మోర్తాడ్ వైపు వెళ్ళి, అక్కడినుంచి ఏటి దిక్కుకు మళ్ళితే వచ్చే ఊరు అది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు, కొత్త మండలాలు ఏర్పడినప్పుడు మోర్తాడ్ మండలం నుండి విడిపోయి మండల కేంద్రమయింది. అంతకు ముందు బయటివాళ్ళకు యీ పేరు పెద్దగా తెలియదు.

కాని యీ ఊళ్ళో, యీ చుట్టుపక్కల పండే పసుపు మాత్రం దేశమంతా తెలుసు. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట పేర్ల సరసన 'ఆర్మూర్ రకం' అని వ్యవసాయ శాస్త్ర పుస్తకాలలోకి ఎక్కిన పసుపు యీ గడ్డదే. ఊరు చిన్నది, పంట పెద్దది. పంట పెద్దదే అయినా దాని ధరను నిర్ణయించే అధికారం ఊరికి లేదు. యీ ఊరి భూగోళమూ, యీ ఊరి చరిత్రా చదివితే చివరకు తేలే సంగతి యిదే.

ఏరు, కాలువ, బావి

ఊరి పేరులోనే ఏరు వినిపిస్తుంది, గట్టు వినిపిస్తుంది. నిజంగానే యీ మండలానికి ఉత్తరపు హద్దు గోదావరి. తాడ్‌పాకల్, దోంచంద, గుమ్మిర్యాల్ వంటి గ్రామాలు ఏటిని ఆనుకొనే వున్నాయి. ఏరు దాటితే నిర్మల్ జిల్లా. తూర్పున జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి ప్రాంతం. దక్షిణాన మోర్తాడ్, కమ్మర్‌పల్లి. పడమట ముప్కాల్, మెండోరా. ఆ మెండోరా వైపునే పోచంపాడు ఆనకట్ట.

ఏటి ఒడ్డున ఒండ్రు, దానికి ఎగువన నల్లరేగడి, ఇంకా పైకి పోతే ఎర్ర చల్కలు. నీరు నిలవకుండా జారిపోయే నేల పసుపుకు కావాలి. కొమ్ము భూమిలో ఊరుతుంది కాబట్టి నీరు నిలిస్తే కుళ్ళుతుంది. కాని నీరు అందకపోయినా ఊరదు. యిదే యీ పంటకున్న పేచీ. మృగశిర కార్తెలో, అంటే జూన్‌లో విత్తు పెడితే తవ్వేది సంక్రాంతి దాటిన తర్వాత. ఎనిమిది తొమ్మిది నెలల పంట. వానలు దసరాతో వెనక్కి తగ్గుతాయి. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు తడి ఎవరు యివ్వగలరో వారే పసుపు పెట్టగలరు.

కాబట్టి యిక్కడ పసుపు పండిందంటే ఒక్క మట్టి గొప్పతనం వల్ల కాదు. బావి వున్నవాడికి, బోరు వున్నవాడికి, కాలువ కింద భూమి వున్నవాడికి పండింది. నీళ్ళు లేని చెలక మీద పసుపు లేదు. ఏ రైతు చేతిలో నీరున్నదో అతని చేతిలో పసుపున్నది. మిగిలినవారి చేతిలో గడ్డపార వున్నది.

1963 జూలై 26న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. తర్వాత దానికి శ్రీరాంసాగర్ అని పేరు పెట్టారు. దాని గర్భంలో నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల ఊళ్ళు ఎన్నో మునిగిపోయాయి. 112 టి.ఎం.సి.ల నిల్వకు కట్టిన జలాశయంలో దశాబ్దాల పూడిక పేరుకొని, నిల్వ సామర్థ్యం సుమారు 80 టి.ఎం.సి.లకు కుదించుకు పోయింది. కుడివైపు నుండి బయలుదేరే కాకతీయ కాలువ యీ ప్రాంతాన్ని దాటుకొనే కరీంనగర్, వరంగల్ వైపు సాగిపోతుంది.

కాలువ ఊరి పక్కనుండి పోవడం వేరు, కాలువ నీరు ఊరికి దక్కడం వేరు. 2018 ఆగస్టులో వాన ముఖం చాటేసినప్పుడు, ఎండుతున్న పైర్లకు కాకతీయ కాలువ ద్వారా నీళ్ళు వదలండని బాల్కొండ, ఆర్మూర్ ప్రాంతాల రైతులు ప్రాజెక్టు దగ్గరికి కదిలారు. నీళ్ళకు బదులు పోలీసు బలగాలు వచ్చాయి. నిషేధాజ్ఞలు పెట్టారు. ఆనకట్ట కనుచూపు మేరలో వున్న రైతుకు కూడా నీటి మీద హక్కు కాగితం మీదనే వుంటుందని ఆ సంఘటన చూపించింది. ఇంకో వైపు, వరద వచ్చి ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు దిగువనున్న ఏటి ఒడ్డు చేలకు ముంపు భయం. ఎండినా కష్టమే, నిండినా కష్టమే.

పటేల్ పట్వారీల కాలం నుండి

యీ ప్రాంతం నిజాం రాజ్యంలోది. జిల్లాకు పాత పేరు ఇందూరు. 1905లో నిజామాబాద్ అయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సికింద్రాబాదు నుండి మన్మాడ్‌కు రైలు దారి పడడంతో నిజామాబాద్ పట్నం గల్లా వ్యాపారానికి కేంద్రమయింది. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ 1937లో స్థాపించారు. జిల్లా పడమటి భాగం చెరుకూ వరీ అయితే, ఆర్మూర్ తాలూకా పసుపూ మక్కా జొన్నా అయింది.

రైలు వచ్చింది, గంజి వచ్చింది, సేట్లు వచ్చారు. కాని ఊళ్ళో మాత్రం పటేల్ పట్వారీల పెత్తనం, దేశ్‌ముఖుల పెత్తనం, వెట్టి చాకిరీ అలాగే వున్నాయి. భూమి లెక్క పట్వారీ దస్తరంలో వుండేది. ఆ దస్తరంలో ఏమి రాసి వున్నదో దున్నేవాడికి తెలియదు. 1937లో ఆంధ్రమహాసభ ఆరవ మహాసభ నిజామాబాద్‌లోనే జరిగింది. తెలుగులో మాట్లాడే హక్కు, వెట్టి రద్దు అన్న మాటలు యీ జిల్లాలో బహిరంగంగా వినిపించిన కాలం అది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది.

చట్టాలు వచ్చినంత సులువుగా భూమి చేతులు మారలేదు. పొరుగునున్న జగిత్యాలలో 1978 సెప్టెంబరు 7న వేలాది కూలీలూ పేద రైతులూ కదిలి చేసిన జైత్రయాత్ర యీ దిక్కు గ్రామాల్లో కూడా చెప్పుకున్నారు. వెట్టి వద్దు, కూలి పెంచు, బంజరు పంచు అన్నవి అప్పటి మాటలు. అదే సంవత్సరం అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఏర్గట్ల మోర్తాడ్ మండలంలో చేరింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. రెండేళ్ళకు ఏర్గట్ల తానే మండలమయింది.

దారుల సంగతి కూడా చెప్పాలి. నాగపూర్ నుండి హైదరాబాదు పోయే జాతీయ రహదారి, నిజామాబాద్ నుండి జగిత్యాల మీదుగా జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారి ఆర్మూర్ దగ్గర కలుసుకుంటాయి. సరుకు ఉత్తరానికి పోవాలన్నా దక్షిణానికి పోవాలన్నా లారీ యిక్కడే మలుపు తిరగాలి. పెద్దపల్లి - నిజామాబాద్ రైలు దారికి 1993లో పునాది రాయి వేస్తే, అది మోర్తాడ్, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ చేరింది 2017 మార్చిలో. ఇరవై నాలుగేళ్ళు పట్టింది. అప్పుడు పుట్టిన పిల్లవాడు రైలు వచ్చేసరికి దుబాయి విమానం ఎక్కే వయసుకు వచ్చాడు.

కొమ్ము వెనుక కష్టం

పసుపు గురించి పట్నంలో మాట్లాడేవాళ్ళు దాని రంగు, దాని ఔషధ గుణం చెబుతారు. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద పేటెంటు కూడా యిచ్చారు. మన అవ్వలు చేసే వైద్యానికి పేటెంటు ఏమిటని భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. ఆ పసుపు ఎలా తయారవుతుందో పట్నంలో తెలిసినవారు తక్కువ. తెలిసినది యిక్కడి కూలీలకే.

ఎకరాకు విత్తనమే ఎనిమిది నుండి పది క్వింటాళ్ళు పడుతుంది. గింజ విత్తనం కాదు, బతికున్న కొమ్ము. నిరుటి పంటలో ఒక భాగం అమ్ముకోకుండా దాచాలి, లేదా కొనాలి. చాళ్ళు తీసి విత్తు పెట్టాలి. సందుల్లో మక్క వేస్తారు. అది నీడకూ పనికి వస్తుంది, చేతిలో నాలుగు పైసలకూ పనికి వస్తుంది. మక్క కోసిన తర్వాత పసుపు ఒంటరిగా పెరుగుతుంది. కలుపు మూడు నాలుగు సార్లు. ఎరువు. దుంపకుళ్ళు వస్తే మందు. జనవరిలో ఆకు పండి వాలిపోతుంది. ఆకు కోసి, తడి యిచ్చి, తవ్వుతారు.

తవ్విన మట్టిలోనుండి గడ్డ ఏరాలి. గడ్డకు అంటుకున్న కొమ్ములు విరవాలి. తల్లి దుంపను మండ అనీ గోల అనీ అంటారు; దాని పిల్లలు కొమ్ములు. రెండింటికీ అంగట్లో ధర వేరు కాబట్టి వేరు చేయక తప్పదు. యీ విరవడం పూర్తిగా ఆడవాళ్ళ పని. పొద్దున కూర్చుంటే పొద్దు గుంకే దాకా నడుము ఎత్తే వీలుండదు. వేళ్ళకు పసుపు ఎక్కి నెల రోజులు పోదు. బొబ్బలు కూడా పోవు.

తర్వాత ఉడకబెట్టాలి. పూర్వం కల్లంలో పెద్ద కడాయిలు పెట్టి, పసుపు ఆకూ కట్టెలూ మండించి ఉడకబెట్టేవారు. నురుగు పొంగి, తెల్లని ఆవిరి వాసన వేస్తే ఉడికినట్టు లెక్క. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే విరిగిపోతుంది. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. పని తొందరగా అవుతుంది, కిరాయి కూడా అంత తొందరగానే అవుతుంది. ఉడికినదాన్ని రెండు వారాల వరకు ఎండలో ఆరబోసి, కలియబెట్టి, రాత్రి కప్పి, పొద్దున విప్పాలి. మాఘంలో ఒక అకాల వాన పడితే తొమ్మిది నెలల కష్టం నల్లబడి పోతుంది. ఎండిన కొమ్ముకు డ్రమ్ములో మెరుగు పెడతారు. పచ్చి పసుపు నూరు క్వింటాళ్ళు తవ్వితే ఎండిన తర్వాత కాంటా ఎక్కేది ఇరవై క్వింటాళ్ళకు అటూ ఇటూ.

యింత పనికి కూలీలు ఎక్కడినుంచి వస్తున్నారు? ఊళ్ళో మగవాళ్ళు చాలామంది గల్ఫ్‌లో వున్నారు. ఆర్మూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, బాల్కొండ ప్రాంతాల నుండి దుబాయికో, సౌదీకో, మస్కట్‌కో మనిషి పోని వాడ లేదు. ఆడవాళ్ళు ఏడాదిలో చాలా నెలలు బీడీలు చుడతారు. తవ్వకాల కాలానికి మహారాష్ట్ర నుండి కూలీలు కుటుంబాలతో సహా దిగుతారు. మన కూలి ఎడారికి పోతున్నాడు, పొరుగు కూలి మన చేనుకు వస్తున్నాడు. ఎవరికీ సొంత గడ్డ మీద పని చాలడం లేదు. యింకో విచిత్రం చూడండి. భారతదేశపు పసుపు ఎక్కువగా కొనే దేశాలలో అరబ్ ఎమిరేట్స్ ఒకటి. ఏర్గట్ల మనిషీ అక్కడికే పోతున్నాడు, ఏర్గట్ల పసుపూ అక్కడికే పోతున్నది.

కాంటా దగ్గర

ఎండిన పసుపును బస్తాలకెత్తి ట్రాక్టరు మీద వేస్తే, అది పోయేది ఎక్కడికి? పక్కనున్న మెట్‌పల్లి యార్డుకు కొంత. అసలు బజారు నిజామాబాద్ మార్కెట్ యార్డు. జనవరి నుండి మే దాకా అక్కడ పసుపు గుట్టలు. ధర నచ్చక, లారీ కిరాయి భరించి మహారాష్ట్రలోని సాంగ్లీకి పోయిన రైతులు వేలమంది. సాంగ్లీ పసుపుకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి బజారులో నిజామాబాద్ సరుకు కూడా అమ్ముడు పోతుంది. మన ఊరి కొమ్ము అక్కడి బస్తాలో పడి పేరు మార్చుకుంటుంది.

యార్డులో రైతు చేతికి దొరికే కాగితం తక్‌పట్టీ. దాని మీద ధర ఒక చోట, కోతలు నాలుగు చోట్ల. హమాలీ, దడ్వాయి, అడ్తి కమీషన్, తరుగు. తేమ ఎక్కువుందంటే కోత, మట్టి వుందంటే కోత, రంగు తక్కువంటే కోత. తేమ ఎంతో, కుర్కుమిన్ ఎంతో కొలిచి చెప్పే పరికరం రైతు దగ్గర వుండదు. కొనేవాడు కొమ్మును విరిచి, చూసి, వాసన చూసి, చెప్పిందే మాట. 1966 నాటి మార్కెట్ల చట్టం బహిరంగ పాట జరగాలన్నది. 2016లో కేంద్ర ప్రభుత్వం 'ఈ-నామ్' తెచ్చింది; నిజామాబాద్ యార్డు తొలి జాబితాలోనే చేరింది. పాట కంప్యూటరులోకి వచ్చింది. కాని కొనేవాళ్ళు పదిమంది కూడబలుక్కుంటే, నోటితో పాడినా మీట నొక్కినా ధర ఒకటే.

దీని పైన మరో బజారు వున్నది. ఆ బజారులో పసుపు కంటికి కనిపించదు. ముందస్తు వ్యాపారం చేసే ఎన్.సి.డి.ఇ.ఎక్స్. ఎక్స్ఛేంజిలో పసుపు ఒప్పందాలకు ఆధార కేంద్రం నిజామాబాదే. అంటే, దేశంలో ఏ మూలనో కూర్చొని పసుపును ఎన్నడూ ముట్టని మనిషి వచ్చే నెల ధర మీద పందెం కాస్తే, ఆ ధర పేరు నిజామాబాద్ ధర. ఊరి పేరు తెర మీద వెలుగుతున్నది. ఊరి మనిషికి ఆ తెర చదివే తీరిక లేదు, దాచుకునే గిడ్డంగీ లేదు. అప్పు యిచ్చినవాడు కల్లం దగ్గరే నిలబడి వుంటాడు.

చేతికి వచ్చిన లెక్క చూద్దాం. 2010-11 సీజన్‌లో ధర ఆకాశానికి ఎగిరింది. దాన్ని చూసి అందరూ పసుపు పెట్టారు. 2018, 2019, 2020 సంవత్సరాలలో క్వింటాలు అయిదారు వేలకు దిగజారింది. ఎకరాకు ఇరవై క్వింటాళ్ళు అనుకుంటే అయిదు వేల చొప్పున లక్ష రూపాయలు. విత్తనం, ఎరువు, కూలి, బాయిలరు, కిరాయి పోను ఏమి మిగులుతుంది? రైతులు చాలామంది పసుపు మానేశారు. విస్తీర్ణం తగ్గింది. తగ్గిన తర్వాత 2024 మార్చిలో నిజామాబాద్ యార్డులో ధర 18 వేల రూపాయలు దాటింది. అదే ఇరవై క్వింటాళ్ళకు మూడు లక్షల అరవై వేలు. కాని అప్పటికి పసుపు ఎవరి దగ్గర వున్నది? నిలవ చేసుకోగలిగినవాడి దగ్గర, పంట మానకుండా తట్టుకోగలిగినవాడి దగ్గర.

మరి విరిచిన చేతులకు ఏమి దక్కింది? ధర అయిదు వేలున్ననాడు గిట్టలేదని కూలి పెంచరు. ధర పద్దెనిమిది వేలున్ననాడు కూలి రేటు మూడింతలు కాదు. నష్టంలో కూలికి భాగం వున్నది, లాభంలో లేదు. కౌలు రైతు సంగతి మరీ అన్యాయం. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారు పాసుపుస్తకం వున్నవాడి ఖాతాలోకి పోయింది. కౌలు ముందే కట్టి, విత్తనం అప్పు తెచ్చి, పంట పండించినవాడికి పైసా రాలేదు. గిట్టుబాటు ధర గురించి మాట్లాడేటప్పుడు యీ ఇద్దరినీ మరచిపోతే అది సగం మాటే అవుతుంది.

రోడ్డెక్కిన ఊరు

యీ ప్రాంతపు రైతులు ఊరికే కూర్చోలేదు. పసుపుతో పాటు యిక్కడ ఎర్రజొన్న పండిస్తారు. అది ఉత్తరాదికి పశువుల మేత విత్తనంగా పోతుంది. విత్తన వ్యాపారులు ముందే ధర ఒప్పుకొని, సరుకు ఎత్తుకొని, డబ్బు ఎగవేస్తే 2008 జూన్‌లో ఆర్మూర్ అట్టుడికి పోయింది. పోలీసులు కాల్పులు జరిపారు. ఆ బకాయిలు పదకొండు కోట్ల రూపాయల పైమాటే. అవి రైతులకు ముట్టింది 2014లో, రాష్ట్రం ఏర్పడ్డ తర్వాత, ప్రభుత్వ ఖజానా నుండి. ఎగవేసింది వ్యాపారి, కట్టింది ప్రజల సొమ్ము.

2019 ఫిబ్రవరిలో మళ్ళీ కదిలారు. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 యివ్వాలని ఆర్మూర్ దగ్గర రెండు జాతీయ రహదారులనూ దిగ్బంధం చేశారు. నిషేధాజ్ఞలు, అరెస్టులు వచ్చాయి. అప్పుడు రైతులు ఎవరూ ఊహించని దారి పట్టారు. ఆ ఏడాది ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానానికి ఊరూరి నుండి నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులలో 178 మంది రైతులే. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండు బాలెట్ యూనిట్లు వరసగా పేర్చవలసి వచ్చింది. కొందరు వారణాసి దాకా వెళ్ళి నామినేషన్లు వేశారు.

యీ పోరాటం ఎవరినీ పార్లమెంటుకు పంపలేదు. కాని ఒక పని చేసింది. అప్పటి వరకు పసుపు రైతు గోడు జిల్లా పేజీలో వచ్చే వార్త. ఆ తర్వాత దేశమంతా మాట్లాడింది. అప్పటి అధికార పార్టీ అభ్యర్థి ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద సంతకం పెట్టిన అభ్యర్థి గెలిచారు. ఆ హామీ అమలుకు రైతులు మరో అయిదేళ్ళకు పైగా ఎదురు చూశారు.

బోర్డు వచ్చింది, తర్వాత?

2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. మూడు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు యిచ్చింది. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమయింది. ఆర్మూర్ దగ్గరి అంకాపూర్‌కు చెందిన నాయకుడిని చైర్మన్‌గా నియమించారు. 2025 జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. దశాబ్దాల కోరిక నెరవేరింది. యిది రైతుల పోరాట ఫలితమే. దయాదానం కాదు.

అయితే బోర్డు అంటే ఏమిటో కూడా చూడాలి. యిది వాణిజ్య శాఖ కింది సంస్థ. దాని చూపు ఎగుమతి మీద. 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ప్రపంచ ఉత్పత్తిలో మూడు వంతులకు పైగా మనదే. అందులో ఎగుమతి అయింది 1.53 లక్షల టన్నులు, అంటే వందకు పదమూడు. 2030 నాటికి ఎగుమతులను వంద కోట్ల డాలర్లకు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. మంచిదే. కాని మిగిలిన ఎనభై ఏడు వంతుల పసుపు దేశంలోనే అమ్ముడు పోతున్నది. దాని ధర సంగతి ఎవరు చూస్తారు?

కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. వరికి వున్నది, మక్కకు వున్నది, జొన్నకు వున్నది. తొమ్మిది నెలలు భూమిలో వుండే పసుపుకు లేదు. బోర్డుకు ధర కట్టే అధికారం లేకపోతే బోర్డు బల్ల వేరు, కాంటా వేరు అవుతుంది. బోర్డు ప్రారంభమైన రెండు నెలలకే, 2025 మార్చిలో, ధర పడిపోయిందని రైతులు నిజామాబాద్‌లో ఆందోళనకు దిగవలసి వచ్చింది. యిది మనం మరచిపోరాదు.

కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం వున్నది. కుర్కుమిన్ ఎక్కువున్న కొత్త రకాల విత్తనం సన్నకారు రైతు వరకు చేరాలి. ఎకరాకు పది క్వింటాళ్ళ విత్తనం కొనే శక్తి అతనికి లేదు. వేల్పూర్ మండలం పడగల్‌లో సుగంధ ద్రవ్యాల పార్కు కోసం భూమి కేటాయించి ఏళ్ళు గడిచాయి. కొమ్మును పొడి చేసే మర, నూనె తీసే యంత్రం, పరీక్ష చేసే ప్రయోగశాల యిక్కడే వుంటే, సాంగ్లీకి లారీ కిరాయి మిగులుతుంది. గల్ఫ్‌కు పోయే కుర్రాడికి యిక్కడే పని దొరుకుతుంది.

కనుక అడగవలసినవి స్పష్టంగానే వున్నాయి. పసుపును మద్దతు ధర జాబితాలో చేర్చాలి. ఉత్పత్తి ఖర్చు లెక్క కట్టేటప్పుడు కౌలునూ ఇంటి మనుషుల కష్టాన్నీ కలపాలి. ధర పడినప్పుడు బోర్డు గాని, ప్రభుత్వ సంస్థ గాని యార్డులో నిలబడి కొనాలి. తేమ, కుర్కుమిన్ కొలిచే పరికరం రైతు కళ్ళ ముందు పనిచేయాలి. మండల కేంద్రాలలో గిడ్డంగులు కట్టి, నిలవ సరుకు మీద తక్కువ వడ్డీకి అప్పు యివ్వాలి. కౌలు రైతుకు గుర్తింపు కార్డు యివ్వాలి. పసుపు తవ్వే, విరిచే, ఉడకబెట్టే పనులకు కూలి రేట్లు నిర్ణయించి, ఆడ కూలికీ మగ కూలికీ ఒకే రేటు అమలు చేయాలి. పొరుగు రాష్ట్రం నుండి వచ్చే కూలీలకు నీడ, నీళ్ళు, పిల్లలకు బడి చూడాలి. వాళ్ళు మనకు పోటీదారులు కారు. మన అన్నదమ్ములు ఎడారిలో ఎలా వున్నారో వాళ్ళు యిక్కడ అలా వున్నారు.

రైతుకూ కూలికీ మధ్య తగాదా పెట్టి లాభపడేవాళ్ళు ఎప్పుడూ వుంటారు. కూలి పెరిగితే రైతు మునుగుతాడని ఒకరు, రైతుకు ధర వస్తే కూలికి ఏమిటని మరొకరు. ఏర్గట్ల లెక్క చూస్తే తెలిసిపోతుంది. క్వింటాలు అయిదు వేలున్నప్పుడూ పద్దెనిమిది వేలున్నప్పుడూ పట్నంలో కిరాణా కొట్టు పొడి పొట్లం ధర ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అని అడగండి. మధ్యలో ఎవరి గల్లా పెట్టె నిండుతున్నదో ఆ లెక్క చెబుతుంది. చిన్న రైతూ, కౌలు రైతూ, విరిచే కూలీ ఒక మాట మీద నిలబడితేనే ఆ పెట్టె లెక్క బయట పడుతుంది.

మళ్ళీ సీజను వస్తుంది. ఏటి ఒడ్డున ఆకు పండి వాలుతుంది. గడ్డపారలు లేస్తాయి. కల్లాలలో ఆవిరి లేస్తుంది. ధర పత్రం నిజామాబాద్ నుండి రాకముందే, ఆ ధర ఎంత వుండాలో ఏర్గట్ల, తాడ్‌పాకల్, తొర్తి, బట్టాపూర్ గ్రామాల రైతులూ కూలీలూ కలిసి కూర్చొని లెక్క కట్టి, కాగితం మీద రాసి, బోర్డు కార్యాలయానికి పట్టుకుపోవాలి. 2019లో నామినేషన్ కాగితాలు పట్టుకుపోయిన చేతులకు యిది కొత్త పని కాదు.